కత్తిరించిన నిశ్శబ్దాలు

అతను కొలిచినదాన్ని మళ్ళీ ఎవరూ కొలిచేవారు కాదు. పంతొమ్మిదేళ్ళ ఉద్యోగంలో అతను సంపాదించుకున్నది అదొక్కటే. ఆఫీసులో అందరూ అతన్ని కొలతల మాస్టారు అనేవారు. ఎదురుగా గౌరవంగా, వెనకాల కొంచెం నవ్వుతూ. రెండూ అతనికి తెలుసు. రెండూ అతనికి ఇష్టమే.

చెవులు సరిగ్గా వినపడని వాళ్ళ కోసం ఆ సంస్థ ఒక చిన్న పెట్టె తయారుచేస్తోంది. జేబులో పెట్టుకుంటే, చుట్టూ ఉన్న రొదను వడకట్టి మాటను మాత్రం తీగ ద్వారా చెవిలోకి పంపుతుంది. లోపలికి వచ్చే శబ్దాన్ని పెట్టెలోని ప్రాసెసర్ ముక్కలు ముక్కలుగా తీసుకుంటుంది. ఒక్కో ముక్క ఎనిమిది మిల్లీసెకన్లు. తర్వాతి ముక్క వచ్చేలోగా ముందుదాన్ని శుభ్రం చేయడం అయిపోవాలి. కాకపోతే ఆ ఆలస్యం చెవిలో గరగరమంటుంది. ఏ ప్రాసెసర్ ఆ పనిని ఎంతసేపట్లో చేస్తుందో కొలిచి చెప్పడం అతని ఉద్యోగం.

కొలతకు ముందు అతను చేతులు కడుక్కునేవాడు. ఎందుకని అడిగితే చెప్పలేడు. వచ్చి కూర్చుని, యంత్రంలో నడుస్తున్న తక్కిన పనులన్నీ ఆపేవాడు. ప్రాసెసర్ వేగం తనంతట తాను పెరగకుండా, తగ్గకుండా ఒకచోట బిగించేవాడు. అది వేడెక్కేదాకా ఆగి, మొదటి పది ఫలితాలు పారేసి, ఆ తర్వాత వెయ్యిసార్లు నడిపి, సగటు ఒక గడిలో, అన్నిటికన్నా ఆలస్యమైనది పక్క గడిలో రాసేవాడు. రెండు నెలల కిందట ఒక కొత్త ప్రాసెసర్ మీద రాసిన రిపోర్టులో సగటు మూడు పాయింట్ ఒకటి. అతి ఆలస్యం మూడు పాయింట్ నాలుగు. ఎనిమిదికి ఇంకా చాలా దూరం. ఆ రిపోర్టును నమ్ముకునే మేనేజరు పాత ప్రాసెసర్‌ను మానేసి, అంతకన్నా చిన్నదైన, చవకైన ఆ కొత్తదాన్ని తెప్పించాడు. ఆరువందల పెట్టెలు తయారై, వాడి చూసి చెప్పమని ఆరువందల మందికి వెళ్ళాయి.

మూడు వారాలు తిరక్కుండానే ఫిర్యాదులు మొదలయ్యాయి. అన్నీ ఒకటే మాట. గరగర.

సోమవారం మీటింగులో మేనేజరు ఎవర్నీ తిట్టలేదు. అతను తిట్టే మనిషి కాదు. వేళ్ళు మడిచి లెక్కపెట్టే మనిషి.

"మాస్టారి కొలత ఉంది. అంటే ప్రాసెసర్ సరిపోతుంది. మైకులు మార్చి చూశాం. తీగలు మార్చి చూశాం. ఇంకేం మిగిలింది చెప్పండి?"

అందరి చూపులూ బల్ల చివర కూర్చున్న అమ్మాయి మీదకు వెళ్ళాయి. రొదను వడకట్టే ప్రోగ్రాము ఆమె రాసిందే. చేరిన మొదటి రోజే 'నన్ను ఫిల్టరమ్మ అనండి, గుర్తుంటుంది' అని తనకు తానే పేరు పెట్టుకుంది. ఆమె కాంట్రాక్టు శుక్రవారంతో ముగుస్తుంది. పొడిగించే కాగితం మేనేజరు దగ్గరే ఉంది.

"శుక్రవారం మధ్యాహ్నంలోగా తప్పు తేలాలమ్మా," అన్నాడు మేనేజరు. "తేలకపోతే ఏ మొహం పెట్టుకుని పైవాళ్ళని అడగను?"

మంగళవారం పొద్దున ఆమె అతని బల్ల దగ్గరకు వచ్చింది. చేతిలో కాఫీ కప్పు ఉంది, తాగడం లేదు.

"సార్, ఒక్కసారి మళ్ళీ కొలుస్తారా?"

"కొలిచాను కదమ్మా."

"కొలిచారు సార్. మీ కొలతలో తప్పుందని నేను అనట్లేదు. అలా అంటే ఈ కుర్చీలే లేచి నన్ను తంతాయి."

అతను నవ్వలేదు. ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది.

"మూడు వారాల్నుంచీ మీరిచ్చిన రికార్డింగులతోనే పరీక్షిస్తున్నాను. ఒక్కసారంటే ఒక్కసారి కూడా రావట్లేదు. బయటవాళ్ళకేమో రోజూ వస్తోందట. ఆ గరగరకి నన్ను చూస్తే సిగ్గనుకుంటా."

"నీ ప్రోగ్రాములోనే ఎక్కడో మెలిక ఉంటుంది. నిదానంగా చూడు."

"నిదానానికి శుక్రవారం దాకా టైమిచ్చారు సార్," అని ఆమె లేచి వెళ్ళిపోయింది. కాఫీ కప్పు అతని బల్ల మీదే మరిచిపోయింది.

ఆమె వెళ్ళాక అతనికి లోపల ఎక్కడో గోరువెచ్చగా అనిపించింది. అతను తన మనసును కూడా కొలిచి చూసుకునే రకం. అది ఆమె మీద కోపం కాదు. ఆమె చెడిపోవాలన్న కోరికా కాదు. తప్పుకు ఒక చిరునామా దొరికింది, అది తన ఇంటిది కాదు. అంతే. ఆ వెచ్చదనం మంచిది కాదని తెలిసినా, చలికాలపు దుప్పటిలా దాన్ని తోసెయ్యబుద్ధి కాలేదు.

సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి అక్క తలుపు తీసి, లోపలికి అడుగు పెట్టనివ్వకుండానే మొదలుపెట్టింది.

"ఒరేయ్, నీ పెట్టె నా చెవిలో ఎలకలా గీకుతోందిరా."

ఆ ఆరువందల పెట్టెల్లో ఒకటి అతనే తెచ్చి ఆమెకు ఇచ్చాడు. బావ పోయిన దగ్గర్నుంచి ఆరేళ్ళుగా అక్క అతనితోనే ఉంటోంది. రెండు గదులు, ఒక వంటగది, వీధివైపు ఒక కిటికీ. అతనికి పెళ్ళి కాలేదు. కాలేదన్న సంగతి మీద ఇద్దరూ మాట్లాడుకోవడం మానేసి చాలాకాలమైంది. తర్వాత తక్కిన సంగతుల మీద కూడా మాటలు తగ్గాయి. మాట్లాడకపోతే ఎవరికీ ఏ నష్టమూ ఉండదని అతని లెక్క.

"బ్యాటరీ మార్చావా?"

"మూడుసార్లు మార్చాను. ఇంకోసారి వెళ్తే ఆ కొట్టువాడు వేరేగా అనుకుంటాడు."

"తీగ సరిగ్గా గుచ్చలేదేమో."

"ముప్పై ఏళ్ళు బడిలో కూర్చుని మూడువందల మంది పిల్లల హాజరు ఒక్క తప్పు లేకుండా వేశాను. తీగ గుచ్చడం రాదట్రా నాకు?" లోపలికి వెళ్ళి సన్నటి నోటుబుక్కు ఒకటి తెచ్చి అతని చేతిలో పెట్టింది. "ఎప్పుడెప్పుడు వస్తోందో అన్నీ రాశాను. చదువు."

"రేపు ఆఫీసులో చదువుతాను."

"ఇప్పుడు చదివితే అరిగిపోతావా?"

"రేపక్కా."

అతను భోజనానికి కూర్చున్నాడు. ఆమె ఎదురుగా కూర్చుని, అతను రెండోసారి అన్నం పెట్టుకునేదాకా చూసి, చెవిలోంచి తీగ తీసి కంచం పక్కన చుట్టగా చుట్టి పెట్టింది.

బుధవారం మధ్యాహ్నం ఆఫీసంతా భోజనానికి కిందికి దిగింది. అతను ఒక్కడే ఉన్నాడు. బ్యాగులో చెయ్యి పెడితే నోటుబుక్కు తగిలింది. హాజరుపట్టీలాగే గీతలు గీసి, గుండ్రటి అక్షరాలతో రాసింది అక్క.

'సోమవారం. ఎనిమిదీ పది. తమ్ముడు భోంచేస్తున్నాడు. కూర ఎలా ఉందని అడిగాను. తల ఊపాడు. గరగర.'

'మంగళవారం. ఏడున్నర. తమ్ముడు పేపరు చదువుతున్నాడు. గరగర. పేజీ తిప్పినప్పుడు ఆగింది. మళ్ళీ వచ్చింది.'

'గురువారం. పక్కింటావిడ వచ్చి నలభై నిమిషాలు కోడల్ని తిట్టిపోసింది. ఒక్కసారి కూడా రాలేదు. పరికరం చక్కగా పనిచేసింది. కోడలిదే తప్పనిపించింది.'

'శనివారం. తొమ్మిది. తమ్ముడు కిటికీ దగ్గర నిలబడ్డాడు. ఏమాలోచిస్తున్నావని అడిగాను. ఏం లేదన్నాడు. అంతలోనే గరగర.'

'ఆదివారం. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు. ఇద్దరం ఇంట్లోనే ఉన్నాం. రెండు గంటలూ గరగర. తీసి సొరుగులో పెట్టేశాను.'

తొమ్మిది రోజులకు నలభై ఒక్క పద్దులు. అతను అలవాటుకొద్దీ లెక్కపెట్టాడు. ముప్పై ఆరింట్లో తమ్ముడు అన్న మాట ఉంది. ఫిర్యాదులా ఒక్క వాక్యమూ లేదు. వచ్చిన వాళ్ళ పేరుకు ఎదురుగా టిక్కు, రాని వాళ్ళ పేరుకు ఎదురుగా సున్నా వేసినట్టు రాసుకుంటూ పోయింది.

అతను నోటుబుక్కు మూసి, మళ్ళీ మొదటి పేజీ తెరిచాడు. మొదట తట్టింది అక్క సంగతి. ఒక్క క్షణం తర్వాత రెండో సంగతి తట్టింది. అది మొదటిదాన్ని పక్కకు నెట్టేసింది. అలా నెట్టేయడం హాయిగా కూడా ఉంది. గరగర ఎవరూ మాట్లాడనప్పుడే వస్తోంది. రొదలో కాదు, తిట్లలో కాదు. ఏమీ లేనప్పుడు.

అతని దగ్గరున్న రికార్డింగులు ఒక్కొక్కటి నలభై నిమిషాలవి. వాటిలో సగానికి సగం ఎవరూ మాట్లాడని భాగమే. కొలత మొదలుపెట్టే ముందు అతనే ఒక చిన్న ప్రోగ్రాము రాసి ఆ భాగాలన్నీ కత్తిరించేశాడు. శబ్దమే లేనిచోట ప్రాసెసర్‌కు పనేముంటుంది? ఉత్త ఖాళీని వెయ్యిసార్లు నడపడం దండగ అనుకున్నాడు. రిపోర్టులో ఆ సంగతి రాయలేదు. దాచాలని కాదు. చెప్పదగ్గ విషయమని తోచలేదు.

లేచి వెళ్ళి చేతులు కడుక్కుని వచ్చాడు. కత్తిరించని రికార్డింగు ఒకటి తీసి నడిపాడు. మూడు పాయింట్ ఒకటి. మూడు పాయింట్ ఒకటి. మూడు పాయింట్ రెండు. రికార్డింగులో ఎవరో తలుపు వేసుకుని బయటికి వెళ్ళారు. గది ఖాళీ అయింది. మూడు పాయింట్ ఒకటి. తర్వాతి అంకె నలభై ఏడు.

అతను కుర్చీలో వెనక్కి వాలాడు.

ఎలా జరిగిందో ఇక విడమర్చి చెప్పుకోనక్కర్లేదు, అయినా చెప్పుకున్నాడు. ఆమె రాసిన ఫిల్టరు ఒక్కో ముక్కలోంచీ కొంత శబ్దాన్ని తర్వాతి ముక్కలోకి మోసుకుపోతుంది. మాట ఆగిపోయాక ఆ మిగులు సగమవుతుంది, అందులో సగమవుతుంది, మళ్ళీ సగం. సున్నాకు మాత్రం చేరదు. చివరికి ఎంత చిన్నదవుతుందంటే, బస్తాలు మోసే మనిషి చేతిలో నలుసు పెట్టి దీన్ని తూచు అన్నట్టే. ప్రాసెసర్ ఆ నలుసు దగ్గర ఆగిపోయి, కళ్ళు చికిలించుకుని, మామూలుకన్నా పదిహేనింతలు ఆలస్యంగా తూస్తుంది. పాతది అలాంటి నలుసుల్ని తనంతట తానే సున్నాగా లెక్కేసి పారేసేది. కొత్తదానికి ఆ మాట ప్రోగ్రాములో ముందుగా చెప్పాలి. ఒక్క వాక్యం. ఈ సంగతి అతనికి పాతికేళ్ళ వయసులో తెలుసు. చెప్పకుండానే చేసిపెట్టే యంత్రంతో పదేళ్ళు గడిపి మరిచిపోయాడు.

ఆ వాక్యం రాసి మళ్ళీ నడిపాడు. రెండు పాయింట్ తొమ్మిది. ఖాళీ గదిలో కూడా రెండు పాయింట్ తొమ్మిదే.

భోజనాల నుంచి అందరూ తిరిగి వస్తున్న చప్పుడైంది. ఫిల్టరమ్మ ఎవరితోనో నవ్వుతూ మెట్లెక్కుతోంది. అతను తెర ఆర్పేశాడు.

గురువారం పొద్దున ఆఫీసు నీళ్ళగదిలో, అద్దం ముందు, కుళాయి తిప్పి ఉంచి చెప్పి చూసుకున్నాడు. 'రికార్డింగుల్లో నిశ్శబ్దాలు నేనే కత్తిరించాను.' నాలుగు మాటలు. రెండు సెకన్లు కూడా పట్టవు. మళ్ళీ చెప్పాడు. మూడోసారి చెప్పేటప్పుడు 'నేనే' అన్నచోట గొంతు పలచబడింది. అక్కడ మాట మార్చి 'కత్తిరించబడ్డాయి' అని చూశాడు. అది బాగా పలికింది. సిగ్గేసి కుళాయి కట్టేశాడు.

మేనేజరు అతనికన్నా పదేళ్ళు చిన్నవాడు. క్యాబిన్‌లోకి అతను రాగానే లేచి నిలబడ్డాడు. అతని కోసం ఎప్పుడూ లేస్తాడు.

"రండి మాస్టారూ. మీ మొహం చూస్తేనే తెలుస్తోంది, ఏదో దొరికింది."

"దొరికింది. ఎవరూ మాట్లాడనప్పుడు వస్తోంది గరగర. ఫిల్టరులో మిగిలిపోయే అంకెలు మరీ చిన్నవైపోయి ప్రాసెసర్ నెమ్మదిస్తోంది. వాటిని సున్నాగా లెక్కెయ్యమని ఒక్క వాక్యం చేరిస్తే చాలు. కొలిచి చూశాను. రెండు పాయింట్ తొమ్మిది."

"అబ్బ!" మేనేజరు రెండు చేతులూ బల్ల మీద వేశాడు. "నెల రోజులు ఇంతమందిని చంపుకు తిన్నది ఒక్క వాక్యమా! ఆ వాక్యం ఎక్కడ చేర్చాలి, ఫిల్టరులోనేనా?"

"ఫిల్టరులోనే."

"అంటే ఆ అమ్మాయి మొదట్లోనే చూసుకోవాల్సింది."

ఇక్కడే చెప్పాలి. చోటు అదేనని అతనికి స్పష్టంగా తెలుస్తోంది. ఇంతవరకూ చెప్పినవాటిలో ఒక్కటి కూడా అబద్ధం కాదు. మేనేజరు అన్నదీ పూర్తిగా అబద్ధం కాదు. జాగ్రత్తపరులు ఆ వాక్యం ముందే రాస్తారు. నిజాల్ని ఎక్కడ కత్తిరించి ఎక్కడ అతికిస్తే ఏ ఆకారం వస్తుందో చూస్తూ కూర్చున్నాడు. గోడ మీద గడియారం ముల్లు కదిలింది. మూడు సెకన్లు, నాలుగు. అయిదో సెకనులో మేనేజరు తల పంకించి, "మీరు పెద్దవాళ్ళు, తోటివాళ్ళని అనలేరు. నాకర్థమైంది," అన్నాడు.

అతను నమస్కారం పెట్టి బయటికి వచ్చాడు. రేపు చెప్పవచ్చు అనుకున్నాడు. శుక్రవారం మధ్యాహ్నం దాకా ఉంది కదా.

ఆ ఒక్క వాక్యాన్నీ ఆమె చేతే రాయించారు. శుక్రవారం పదిన్నరకు పొడిగింపు లేదని కూడా ఆమెకే చెప్పారు. పదకొండింటికి ఆమె అతని బల్ల దగ్గరకు వచ్చింది. కళ్ళు ఎర్రగా ఏమీ లేవు. మామూలుగానే కుర్చీ లాక్కుంది.

"థాంక్స్ సార్. నేను అడిగానని మళ్ళీ కొలిచారు. ఆ రోజు మీరు ముఖం అలా పెట్టేసరికి కొలవరనుకున్నాను."

"అలా ఏం లేదమ్మా."

"ఒక్కటి మాత్రం అర్థం కావట్లేదు. వెళ్ళేలోగా తెలుసుకుని వెళ్దామని." ఆమె ముందుకు వంగింది. "అదే ఫిల్టరు, అదే ప్రాసెసర్, అవే రికార్డింగులు. నాకు మూడు వారాల్లో ఒక్కసారీ రాలేదు. మీకు ఒక్క మధ్యాహ్నంలో ఎలా వచ్చింది?"

ఆమె అతని ముఖం చూస్తూ, లెక్క చేసుకునేవాళ్ళలా పెదవులు కదిపింది. తెలివైన మనిషి. ఎక్కువసేపు పట్టలేదు.

"అవే రికార్డింగులు కావు," అంది. "నాకిచ్చినవాటిలో ఖాళీలు లేవు. జనం ఊపిరి తీసుకోకుండా మాట్లాడతారేమిటా అని నేను నవ్వుకున్నాను కూడా. మీరు తీసేశారా సార్?"

"తీసేశాను."

"రిపోర్టు రాసినప్పుడు కూడా?"

"అప్పుడు కూడా."

అద్దం ముందు అంత బరువైన మాట ఇక్కడ ఎంత తేలిగ్గా వచ్చేసిందో చూసి అతనే ఆశ్చర్యపోయాడు. ఆమె అరవలేదు. కుర్చీ చేతుల మీద అరచేతులు రుద్దుకుంది.

"సరే. ఎవరైనా పొరపాటు పడతారు. నేనూ ఆ వాక్యం రాసి ఉండాల్సింది. లోపలికి వచ్చి ఈ ముక్క ఆయనతో చెప్తారా సార్? నేనూ ఉంటాను. రెండు నిమిషాల పని. కాగితం ఇంకా ఆయన బల్ల మీదే ఉంది, ఇప్పుడే చూశాను."

"చెప్తాను."

"నిజంగా?"

"నువ్వు పద. వస్తున్నాను."

ఆమె వెళ్ళింది. క్యాబిన్ గోడ గాజుది. ఆమె లోపల నిలబడి ఏదో చెప్పడం, మేనేజరు కనుబొమలు ముడవడం, ఇద్దరూ తలుపు వైపు చూడడం అతనికి కనిపించాయి. లేవడానికి బల్ల అంచు పట్టుకున్నాడు. అలాగే ఉండిపోయాడు. లేచి నడిచి వెళ్ళి తలుపు తోసిన తర్వాత, అటువైపు నుంచి తిరిగి వచ్చే మనిషి ఎవరో అతనికి తెలియదు. వాణ్ణి చూసి ఎవరూ లేచి నిలబడరు. వాడు కొలిచినదాన్ని ఇంకొకడు మళ్ళీ కొలుస్తాడు. అలాంటివాడితో ఒక్క రోజైనా ఎలా గడపాలో తెలియలేదు.

బల్ల మీది ఫోను మోగింది. గాజు వెనక మేనేజరు చెవి దగ్గర ఫోను పెట్టుకుని ఇటే చూస్తున్నాడు. ఆమె కూడా చూస్తోంది. అతను కంప్యూటరు తెర మీదకు వంగి, పనిలో మునిగిపోయినవాడిలా, ఏ అక్షరమూ లేని చోట చూపు నిలిపాడు. ఫోను పదకొండుసార్లు మోగి ఆగిపోయింది.

కాసేపటికి ఆమె బయటికి వచ్చింది. తన బల్ల మీద సామాన్లు పెద్దగా లేవు. ఒక శాలువా, రెండు పుస్తకాలు, కప్పు. వెళ్తూ వెళ్తూ అతని దగ్గర ఆగి, మెడలోని గుర్తింపు కార్డు తీసి అతని ముందు పెట్టింది.

"కింద సెక్యూరిటీకి ఇచ్చెయ్యండి సార్. నేనిస్తే సవాలక్ష అడుగుతారు. మీ చేతుల మీదుగా వెళ్తే ఎవరూ ఏమీ అడగరు."

మాటలో వెటకారం ఉందో లేదో అతను తేల్చుకోలేకపోయాడు. తల ఎత్తేసరికి ఆమె మెట్ల దగ్గర ఉంది.

భోజనాల వేళ దాటాక కార్డు పట్టుకుని కిందికి దిగాడు. గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"అయ్యో, ఈవిడ వెళ్ళిపోయారా సార్? పొద్దున్నే వచ్చి 'ఏం బాబాయ్, నిద్రపట్టిందా' అనేది. రేపట్నుంచి రారా?"

"రారు."

"మంచిపిల్ల." ఆయన లావుపాటి రిజిస్టరు తీసి అతని వైపు తిప్పాడు. "ఇక్కడ రాసి సంతకం పెట్టండి సార్. తేదీ, కార్డు నంబరు. ఆ చివర గడిలో కారణం."

అతను తేదీ రాశాడు. కార్డు చూసి నంబరు రాశాడు. చివరి గడి వెడల్పుగా ఉంది, నాలుగు మాటలు హాయిగా పడతాయి. పైన ఎవరెవరో రాసిన కారణాలు వరసగా ఉన్నాయి. కార్డు విరిగింది. పేరు తప్పు పడింది. బదిలీ. అతను కలం ఆన్చి ఆగాడు. ఆన్చినచోట సిరా చుక్కగా లావెక్కింది.

"ఏం సార్, కలం రాయట్లేదా?"

"రాస్తోంది."

'కాంట్రాక్టు ముగిసింది' అని రాసి సంతకం పెట్టాడు. సెక్యూరిటీ ఆయన చదవకుండానే రిజిస్టరు మూసేశాడు.